దించమని చెప్పని చేతులు

బస్సు నడుస్తూనే ఉంది, కింద మాత్రం రోడ్డు లేదు, ఇసక ఉంది, ఇసక మీద బస్సు ఎలా నడుస్తుందని కండక్టరును అడుగుదామంటే ఆ సీట్లో కూర్చున్నది పత్రిక డెస్కు మనిషి, టికెట్ల మిషను చేత్తో పట్టుకుని "ఫోటో ఎక్కడమ్మా, నీ కోసం పేజీ ఆగిపోయింది" అంటున్నాడు. ఏ పత్రిక డెస్కో అడగను. నన్ను పిలిచే పత్రికలు ఐదున్నాయి, వాటిలో ఒక్కటీ నాకు గుర్తింపు కార్డు ఇవ్వలేదు, ఫ్రీలాన్సు ఫోటోగ్రాఫరంటే అందరి పెళ్ళికీ వెళ్ళి ఎవరి పంక్తిలోనూ కూర్చోని మనిషి. "పంపిస్తున్నా సార్" అని రోజూ చెప్పే అబద్ధమే చెప్పి కెమెరా తెరుస్తాను, బ్యాటరీ ఉండే చోటు నుంచి ఇసక కారుతుంది, ఎంత దులిపినా కారుతూనే ఉంటుంది, బస్సు ఆగదు, ఆయన అడగడం ఆపడు.

ముందు సీట్లో ఒక ముసలాయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని కూర్చున్నాడు, బస్సు కుదుపులకు అందరూ కడ్డీలు పట్టుకుంటున్నారు, ఆయన మాత్రం చేతులు దించకుండా అటూ ఇటూ ఊగుతున్నాడు. వీపు చూసే గుర్తుపడతాను. పోలయ్య తాత. శ్రీకాకుళం తీరంలో తుపానుకు పడవ విరిగిపోయిన మత్స్యకారుడు, నా పేరు నలుగురికీ తెలిసేలా చేసిన ఫోటోలోని మనిషి, కామెర్లతో పోయి ఎల్లుండికి ఏడాది. చనిపోయినవాడు బస్సులో ఎందుకున్నాడని నాకు ఆశ్చర్యం కలగదు. ఇంకా ఉన్నాడు కదా, ఇంకో ఫ్రేము తీసుకోవచ్చు అనిపిస్తుంది, అలా అనిపించినందుకు వెంటనే సిగ్గేస్తుంది.

"ఏటి ఫోటోలమ్మా, ఇయాల బస్సు దొరికిందేటి నీకు" అంటాడు వెనక్కి తిరక్కుండానే.

"దొరికింది తాతా. ఇంకా అలాగే కూర్చున్నావేం?"

"సేతులు లాగేస్తన్నాయమ్మా."

"మరి దించెయ్."

"నువ్వు దించమని సెప్పనేదు కదా. ఉండు తాతా, అలాగే ఉండు అన్నావు. ఉన్నాను."

బస్సు ఎప్పుడు తాత ఇల్లయిందో తెలియదు, కిటికీలున్న చోట ఇప్పుడు తడిసి ఉబ్బిన గోడ ఉంది, గోడకు మేకు, మేకుకు ఫ్రేము, ఫ్రేములో నేను తీసిన ఫోటో, దానికి ప్లాస్టిక్ పూలదండ. ఫోటోలోనూ తాతే ఉన్నాడు, కింద చాప మీదా తాతే ఉన్నాడు, ఇద్దరి చేతులూ తల మీదే ఉన్నాయి, ఎవరితో మాట్లాడాలో తెలియక నేను అటూ ఇటూ చూస్తున్నాను. తుపానుకు ఇంట్లో ఉన్న రేకు పెట్టెలో ఆల్బం ముద్దయిపోయింది, పెద్దకర్మకు వాళ్ళకు వేరే ఫోటో దొరకలేదు. ఆధార్ కార్డులో ఒకటుంది గానీ అందులో ఉన్నది ఎవరో తాతకే తెలిసేది కాదు. అందుకని స్టూడియోలో నా ఫోటోనే పెద్దది చేయించి పెట్టుకున్నారు.

"మా గుంట కొర్లమ్మ దీపం ఎట్టినప్పుడల్లా నాను ఏడస్తానే ఉంటన్నాను" అంటాడు చాప మీది తాత. "పండగొచ్చినా ఏడుపే, మనవరాలు పుట్టినా ఏడుపే. మా వంశంలో ఇంత ఏడిసినోడు ఒక్కడూ నేడు."

నవ్వొస్తుంది, నవ్వకుండా కెమెరా దులుపుతాను. ఆ రోజు నిజంగా ఏం జరిగిందో ఈ ఇంట్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే, ఒకరు పోయారు. తుపాను వెలిసిన మూడో రోజు అది. జీతాలున్న ఫోటోగ్రాఫర్లు పొద్దున్నే కార్లలో వచ్చి వెళ్ళిపోయారు, నేను రెండు బస్సులు మారి, ఒక పాల ఆటో ఎక్కి, మధ్యాహ్నానికి చేరాను, అప్పటికి ఏడ్చేవాళ్ళు ఏడ్చేసి పులిహోర పొట్లాలు విప్పుకుంటున్నారు. విరిగిన పడవ పక్కన తాత ఒక్కడే కూర్చుని వీపు గోక్కుంటున్నాడు. "తాతా, ఒక్కసారి చేతులు తల మీద పెట్టుకుంటావా" అన్నాను. "ఇలగేనా" అని మంగలికి తల వంచినంత మర్యాదగా పెట్టాడు. గాలికి ఇసక పడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదకొండు ఫ్రేములు తీశాను, 'సర్వం కోల్పోయి విలపిస్తున్న మత్స్యకారుడు' అని కింద రాసి ఐదుగురికీ పంపాను. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు దొరికిందని సంతోషించినవాడి గురించి అందరూ చెబుతారు. ఏడవనివాణ్ణి ఏడ్చినట్టు కూర్చోబెట్టిన రకం నేను.

"ఇప్పుడు దించెయ్ తాతా, చాలు" అంటాను.

"ఇప్పుడు నాకు సెప్తే ఏటవుద్ది. మా గుంటకి సెప్పు."

కూతురి మాటెత్తగానే నా ఫోను మోగుతుంది, జేబులో ఉండదు, బ్యాగులో ఉండదు, ఎక్కడో ఇసక కింద మోగుతుంది. తవ్వుతాను. తుపాను నాటికి కొర్లమ్మ మొగుడితో పాటు గుజరాత్‌లో ఉంది, వేరావల్‌లో రొయ్యలు ఒలిచే పనికి వెళ్ళింది, తండ్రి ఏడుస్తున్న బొమ్మను అక్కడ ఎవరో ఫోన్‌లో చూపించారు. పది రోజులుగా నాకు ఫోన్ చేస్తోంది. సంవత్సరీకానికి ఇంకో ఫోటో కావాలి, నవ్వుతున్నది కాకపోయినా పర్లేదు, ఏడవనిది ఒక్కటి అడుగుతోంది. హార్డ్ డిస్కులో వెతుకుతున్నానని చెబుతున్నాను. వెతకడానికి ఏమీ లేదు, మర్నాడు పలాసలో పెళ్ళి ఉంటే ఆ సాయంత్రమే రోడ్డు పక్కన నిలబడి కార్డు తుడిచేశాను, పత్రికలకు పంపిన ఫ్రేములు తప్ప ఏవీ మిగల్లేదు.

"అదేటంటాదో తెలుసా నీకు" అంటాడు తాత. "నాన్న ఒక్కడే తల బాదుకోని ఏడస్తా ఉంటే నాను రొయ్యలు ఒలస్తన్నాను అంటాది. ఆ దిగులుకే పోనాడు అంటాది. నాను పోనాది కామెర్లకి. నాటు మందు తాగి ఆలీసం సేసినాను, అంతే. దానికి సెప్పేవోడు నేడు."

"చెబితే నా పని పోతుంది తాతా." ఈ మాట మేలుకుని ఉండగా ఎవరితోనూ అనలేదు. "పెట్టించి తీసిన ఫోటో అని తెలిస్తే ఒక్క డెస్కూ పిలవదు. ఆ ఫోటోను పట్నంలో గోడకు పెట్టి ప్రదర్శించారు, నాకు శాలువా కప్పారు. ఇరవయ్యేళ్ళు తిరిగితే ఒక్కసారి కప్పారు."

"పోతే పోద్ది."

"పోతే ఏం చెయ్యాలి?"

"నా పడవ పోనాక నానేటి సేసినానో అదే సెయ్యి."

"ఏం చేశావు?"

తాత మొదటిసారి నా వైపు తిరుగుతాడు, ముఖం మసగ్గా ఉంది, ఫోకస్ కుదరడం లేదు, ఎంత తిప్పినా చేతులే స్పష్టంగా కనబడుతున్నాయి. "నన్నడుగుతావేటి. నువ్వక్కడే ఉన్నావు కదా. ఆ రోజు సేతులు దించినాక నానేటి సేసినానో సెప్పు, ఇప్పుడే దించేస్తాను."

నాకు తెలియదు. ఫోటో తీయగానే తల వంచి కెమెరా తెర చూసుకోవడం నాకు అలవాటు, మా వాళ్ళందరికీ ఉన్న రోగమే అది, ముందున్న మనిషిని వదిలేసి తెరలో మనిషిని చూస్తాం. పదకొండో ఫ్రేము దాకా తెలుసు. పన్నెండో దాని కోసం కెమెరా మీట నొక్కుతాను, పలాస పెళ్ళికూతురు వస్తుంది, వెనక్కి నొక్కుతాను, శాలువా వస్తుంది, ఇంకా వెనక్కి నొక్కితే ఖాళీ ఇసక వస్తుంది, ఇసకలో ఎవరూ లేరు. డెస్కు మనిషి గుమ్మంలో నిలబడి "పేజీ వెళ్ళిపోతోంది" అంటున్నాడు, సముద్రం గడప దాటి చాప అంచు తడుపుతోంది, ఫోను ఎక్కడో నీళ్ళ కింద మోగుతూనే ఉంది, "బేగి సెప్పమ్మా, లాగేస్తన్నాయి" అని తాత అంటున్నాడు. కెమెరా పారేసి రెండు చేతులూ పట్టుకుని కిందికి లాగుతాను. కదలవు. నీళ్ళలో నానిన మోకు ఎంత గట్టిగా ఉంటుందో అంత గట్టిగా ఉన్నాయి. నా బలమంతా పెట్టి లాగుతున్నాను, ఏడుస్తున్నాను, ఈసారి నిజంగా ఏడుస్తున్నది నేనొక్కదాన్నే.

బ్రేకు పడి తల ముందు సీటుకు కొట్టుకుంది. పొద్దున పదింటి ఎండ, నరసన్నపేట బస్టాండు, కిటికీ దగ్గర జామకాయలమ్మే మనిషి. ఏదో ఫ్యాక్టరీ గేటు ముందు జరుగుతున్న ధర్నాకు వెళుతున్నాను. ఒళ్ళో ఉన్న కెమెరా బ్యాగు పడిపోకుండా నిద్రలో కూడా బెల్టు పట్టుకునే ఉన్నాను, ఎంత గట్టిగా లాగి పట్టుకున్నానంటే అరచేతిలో ఎర్రగా అచ్చు పడింది. బెల్టుకు నీలం నైలాను దారంతో వేసిన ముడి అచ్చు అది.

ఆ ముడిని చూస్తూ ఉండిపోయాను. ఏడాదికి పైగా భుజాన మోస్తున్నాను, ఇది వలలు అల్లేవాళ్ళు వేసే ముడి, లాగేకొద్దీ బిగుస్తుంది. ఆ రోజు పడవ మేకుకు తగిలి బెల్టు తెగింది. తెరలో ఫ్రేములు చూసుకుంటూనే బ్యాగు పక్కకు చాపాను, ఎవరో తీసుకున్నారు, కాసేపటికి భుజానికి తగిలించారు, "థాంక్సండీ" అన్నాను తలెత్తకుండానే. ఆ పడవ పక్కన ఇంకెవరూ లేరు.

ఆలోచిస్తే చెయ్యలేనని తెలుసు, అందుకే వెంటనే కొర్లమ్మకు ఫోన్ చేశాను. మూడో రింగుకే ఎత్తింది.

"అక్కా, దొరికిందేటి ఫోటో?"

"లేదమ్మా. ఇంకో ఫోటో లేదు, తుడిచేశాను. కొర్లమ్మా, మీ నాన్న ఆ రోజు ఏడవలేదు. చేతులు తల మీద నేనే పెట్టించాను. ఫోటో కోసం."

తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిడితే బాగుండుననీ అనిపించింది.

"ఏడవనేదా?"

"లేదు."

"మరేటి సేసినాడు?"

"నా బ్యాగు తెగితే ముడి వేసి ఇచ్చాడు. పడవ విరిగి పక్కన పడి ఉంది, ఆయన కూర్చుని నా బ్యాగు బాగుచేశాడు. ఇదిగో, ఇంకా ఉంది, నా చేతిలోనే ఉంది."

ఆమె ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"అది ఫోటో తీసి పంపించు అక్కా" అంది. "ఆ ముడి. అదే కట్టించుకుంటాను ఫ్రేము."

కెమెరా బయటికి తీశాను. బస్సు అప్పుడే కదిలింది, కుదుపులకు బొమ్మ అదిరిపోతుంది. మళ్ళీ బస్సు ఆగేదాకా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.