ఇంటి మడి, అమ్మకం మడి

గుణుపురం శివార్లలో పుణ్యవతిని ఎరగనివాళ్ళు లేరు. ఆమె నోటిని ఎరగనివాళ్ళు అసలే లేరు. ఆ నోటికి తాళం పడేది పిట్టల ముందే. ఎండల్లో మల్లెపొదలో పికిలిపిట్ట, వానల్లో దొడ్డి తాటిచెట్టుకు గిజిగాడి గూళ్ళు, దసరాకు కరెంటు తీగ మీద పాలపిట్ట, కోతలయ్యాక పిచ్చుకలు. ఏ కాలానికి ఏ పిట్ట వస్తుందా అని అరుగు మీద కూర్చుని ఎదురుచూసేది. నూర్పులు కాగానే వరికంకులు కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు కట్టడం, శ్రీకాకుళం నుంచి వచ్చిన అత్తగారు నేర్పిన ఆచారం.

ఈ ఏడు కుచ్చు కట్టిన మర్నాడు అరుగు నిండా పిచ్చుకలు చచ్చి పడి ఉన్నాయి.

పుణ్యవతి ముందూ వెనకా చూడలేదు. వడియాలు పాడుచేస్తున్నాయని పిట్టల్ని రోజూ తిట్టిపోసే పక్కింటి బుల్లమ్మే గుర్తొచ్చింది.

"ఒలే బుల్లమ్మా! నా పిట్టలకి ఇసం పెట్టేవు గదే! నీ సేతులు పడిపోను!"

"నానేటి పెట్టేను?" బుల్లమ్మ గోడ మీంచి విరుచుకుపడింది. "నిండు సూలాలు నా కూతురు ఇంట్లో ఉంది. శాపనార్థాలెట్టేవంటే ఊరుకోను!"

"సూలాలు ఇంట్లో ఉండగానే ఇంత పాపం కట్టుకున్నావా? నీ గడప తొక్కితే ఒట్టు!"

వీధంతా పోగైంది. పొలం నుంచి అప్పుడే వచ్చిన పుణ్యవతి మొగుడు ఎర్రయ్య, చచ్చిన పిట్టల్ని చూసి తల దించుకున్నాడు.

"ఊరుకోయే. ఆ కంకులు అమ్మకం మడివి."

చదువరులారా, ఈ ఇంటికి రెండు మళ్ళున్నాయి. ఇంటి మడికి పెంటే తప్ప మందు తగలనివ్వరు. ఆ బియ్యం తాము తినడానికి. అమ్మకం మడి మీద మాత్రం ఎన్ని మందులు కొట్టినా అడిగేవాడు లేడు. ఏటా కుచ్చుకు కంకులు ఇంటి మడిలోనే కోసేవారు.

"కోత ముందర పైరుకి దోమ పడితే మందు కొట్టేను. పిట్టలకే గదా, మనం తింటామేటని అక్కడే కోసేను," అన్నాడు ఎర్రయ్య.

బుల్లమ్మ ముఖం పాలిపోయింది. "మొన్న మాకమ్మిన బియ్యం ఏ మడివి?"

ఎర్రయ్య వంగి చచ్చిన పిట్టల్ని ఏరసాగాడు.

"సెప్పవేటి? నా కూతురు హేమమాలిని రెండు పూటలా ఆ అన్నమే తింటంది!"

పుణ్యవతి లోపలికి పరుగెత్తి ఇంటి బియ్యం చేటనిండా తెచ్చింది. "వదినా, ఇది వండి పెట్టు. అది పారబొయ్యి."

బుల్లమ్మ చెయ్యి చాపలేదు. "ఇది మీకు దాసుకుని, అది మాకు పోసేరన్నమాట. నీకు పిట్టల మీదున్న జాలి నా కూతురి మీద లేకపోయిందేటి?" అని తలుపు ధడేలున వేసుకుంది.

రెండు మళ్ళ సంగతి పుణ్యవతికి కాపురానికొచ్చిన నాటి నుంచీ తెలుసు.

"అందరూ సేసేదే గదా," గొణిగాడు ఎర్రయ్య.

పుణ్యవతి చివ్వున తిరిగింది.

"అందరి పేరూ సెప్పి తప్పుకోకు. నువ్వు కొట్టేవు, నాను సూసి ఊరుకున్నాను. మన కంచంలో వడ్డించుకోలేని కూడు పక్కోడి కంచంలో వడ్డిస్తే అది అమ్మకం కాదు, ఇసం పెట్టడమే!"