నాకు చెప్పని తీరం

“ఇది కూడా పోస్టులో వేసెయ్, ఏవిస్” అంటూ ప్రతి నెలా మొదటి సోమవారం లైల్ ఒక కవరు నా టీ కప్పు పక్కన పెట్టి ఇంజన్ షెడ్డుకు వెళ్ళిపోతాడు. దాని మీద పేరు, ఊరు ఎప్పుడూ ఒకటే. నైరీ, లెవిన్. నా మొగుడు ఇంకో ఆడదానికి రాసిన ఉత్తరాలకు తొమ్మిదేళ్ళుగా నేనే తపాలా బిళ్ళలు అంటించి, నేనే పోస్టు డబ్బాలో వేశాను.

నైరీ అతని స్నేహితుడు ఆరిన్ భార్య. యుద్ధం రోజుల్లో, పందొమ్మిది వందల నలభై మూడులో, లైల్, ఆరిన్ ఇద్దరూ మా ఊరు పైకాకారికిలోని శిబిరంలో ఉన్న అమెరికన్ సైనికులే. విన్యాసాలకు వెళ్తున్నామని, పది రోజుల్లో వస్తామని మాతో చెప్పి ఓడలెక్కారు. ఆ ఓడలు తరావాకు వెళ్ళాయి. ఈ చివర నుంచి ఆ చివరికి గంటలో నడిచేయగలిగే ద్వీపం, దాన్నిండా జపాను వాళ్ళ ఫిరంగులు. అప్పటికి ఆరిన్‌కు పెళ్ళయి ఐదు వారాలు. అతను తిరిగి రాలేదు. లైల్ భుజంలో ఇనప ముక్కతో బతికి బయటపడ్డాడు. యుద్ధం అయ్యాక సముద్రం దాటి వచ్చి నన్ను చేసుకున్నాడు. నాకు తెలిసింది ఇంతే. అడిగితే “నీకు అర్థం కాదులే” అనేవాడు. ఒకసారి గట్టిగా అడిగితే కంచం వదిలి లేచిపోయాడు. అమ్మతో చెప్పుకుంటే, తాగడు, కొట్టడు, ఇంకేం కావాలే నీకు అంది.

రాత్రుళ్ళు పీడకలల చెమటకు తడిసిన అతని దుప్పట్లు నేను ఉతుకుతాను. ఆ భుజానికి మందు నేను రుద్దుతాను. ఇంటి ముందే సముద్రం ఉన్నా అతను ఇసుక మీద కాలు పెట్టడు కాబట్టి పిల్లల్ని నేనే తీసుకెళ్తాను. నేను పనిచేసే స్టేషను టీ గదిలో రైలు ఆగిన తొమ్మిది నిమిషాల్లో రెండు వందల మందికి టీ పోస్తుంటే, మొహం అలా పెట్టుకోకు, నవ్వుతూ పొయ్యమని మేనేజరు వెనక నుంచి అంటాడు. నవ్వుతూనే పోసి, ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తాను. చాకిరీ నాది, మాటలు ఆమెవి. ఆమెకు సన్నటి నడుము, నీళ్ళు నిండిన పెద్ద కళ్ళు ఊహించుకుని అద్దం ముందు నన్ను నేను తిట్టుకునేదాన్ని. విధవరాలి మీద కుళ్ళుకునే ఆడదాన్ని లోకం ఏమంటుందో నాకు తెలుసు. అయినా కుళ్ళుకున్నాను.

ఆగస్టు మొదటి సోమవారం వానకు తడిసి కవరు జిగురు ఊడింది. టీ గదిలో నీళ్ళు కాగుతున్న డేగిసా పక్కన నిలబడి చదివాను.

పడవలు పగడపు దిబ్బ మీద ఇరుక్కున్నాయట. నీళ్ళు అనుకున్నంత లేవట. తుపాకులు నెత్తిన పెట్టుకుని, గుండెల లోతు నీళ్ళలో, కొబ్బరి మొద్దుల వెనక నుంచి జపాను వాళ్ళు మరతుపాకులు కాలుస్తుంటే అర మైలు నడిచారట. ‘ఆరిన్ నా ఎడమ పక్కన పడ్డాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకుని ముందుకు నడిచాను. ఆగితే చచ్చేవాణ్ణి.’

అది చదివాక నాకు ముందు జాలి రావాలి. కానీ కడుపు మండింది. ఆ చెయ్యి సంగతి నాకు కాదు, ఆమెకు చెప్పాడు.

మర్నాడు సెలవు పెట్టి, ఆ ఉత్తరం పట్టుకుని లెవిన్ రైలెక్కాను.

తలుపు తీసిన మనిషికి మోకాళ్ళ దాకా బురద బూట్లు, చంకలో బిడ్డ, కడుపులో ఇంకొకటి. క్యాబేజీలు పండించే రైతును చేసుకుని ఆరేళ్ళయిందట. నేనెవరో చెప్పగానే ఏమీ అడగకుండా లోపలికి రమ్మంది. టీ పెట్టి, బిస్కెట్ల డబ్బాలు రెండు దించి మూతలు తీసింది. లోపల లైల్ ఉత్తరాలు. మొదటి రెండేళ్ళవి మాత్రమే విప్పి ఉన్నాయి. మిగతావి నేను అంటించిన బిళ్ళలతో అలాగే ఉన్నాయి.

“చదవలేకపోయానండీ” అంది నైరీ. “ఆరిన్‌ని మీ ఆయన ప్రతి నెలా ఒకసారి చంపుతాడు. నేనెన్నిసార్లు విధవనవ్వాలి?”

“మరి ఆయనకు మీ జవాబులు వచ్చేవిగా?”

“అందింది, కులాసా అని రెండు ముక్కలు. రాయకపోతే ఏమైపోతాడోనని. మా ఆయనకు ఇవి చూస్తే మంట. ఇక రాయొద్దని నా మాటగా చెప్పండి. ఇవి మీరు పట్టుకెళ్ళండి.”

ఆమె బతిమాలుతున్నట్టు చెప్పింది. ఇన్నేళ్ళూ నేను ఈర్ష్యపడింది ఆమె మీద రుద్దిన ఇంకో చాకిరీని చూసి.

సాయంత్రం లైల్ చేతులు కడుక్కుని వచ్చి, వంట కాలేదా అన్నాడు. ఏడేళ్ళ కవర్లు బల్ల మీద పోశాను. తన చేతిరాత చూసుకుని తెల్లబోయాడు.

“ఆమె చదవలేదు లైల్. ఇక రాయొద్దంది.”

కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, “నీకు అర్థం కాదు” అన్నాడు.

“నువ్వు చెయ్యి విడిపించుకున్న సంగతి నాకు తెలుసు. నిన్న చదివాను.”

అతను గుమ్మం దగ్గరే ఆగాడు. నేను పొయ్యి వైపు వెళ్ళలేదు. భుజం మీద చెయ్యి వెయ్యలేదు, ఓదార్చలేదు. పిల్లలు ఆకలని వస్తే రొట్టె, జామ్ తీసుకుని పెరట్లోకి పొమ్మన్నాను. ఒక కవరు చింపి, కాగితాలు అతను కూర్చునే చోట పెట్టాను.

“పైకి చదువు” అన్నాను. “ఈసారి నాకు.”

లైల్ తిరిగి వచ్చి కూర్చుని, కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు.