ప్యాచ్ కింద

రోత అంటే షఫీక్‌కి కొత్తేం కాదు. నరసరావుపేట పల్నాడు రోడ్డులో ఇరవై ఏళ్ళుగా జనం తలలు చూస్తున్న మనిషి. పేలున్న తలలు, చుండ్రు రాలే తలలు, గజ్జి పట్టిన తలలు అన్నీ ఆ చేతుల కిందికే వచ్చాయి. ఏ తల చూసినా మొహం చిట్లించకూడదని, అదే ఈ పనిలో మర్యాదని వాళ్ళ నాన్న ఇమాం సాహెబ్ చిన్నప్పుడే చెప్పాడు. అలాంటివాడు ఆ మంగళవారం మధ్యాహ్నం కోటి టోపీ తీయగానే రెండడుగులు వెనక్కి వేసి గోడకు ఆనుకున్నాడు.

మంగళవారం ఎవరూ క్షవరానికి రారు. అందుకే బట్టతలలకి అంటించే జుట్టు ప్యాచ్‌ల పని ఆ రోజు పెట్టుకుంటాడు. షట్టర్ సగం దించి, పాతవి ఊడదీసి, జిగురు కడిగి, మళ్ళీ అంటించి పంపుతాడు. షట్టర్ సగం దించి ఉండబట్టి కంపు బయటికి పోయే దారి లేదు. ఆముదం, పసుపు, చెమట, జిగురు. వాటన్నిటి అడుగున ఇంకో వాసన ఉంది. అదేమిటో షఫీక్‌కి తెలుసు. పేరు పెట్టడం ఇష్టంలేక నోటితో గాలి పీల్చుకున్నాడు.

కోటిది వెల్దుర్తి దగ్గర పల్లె. క్వారీలో పొక్లెయిన్ నడుపుతాడు. ఇరవై ఎనిమిదేళ్ళకే నుదురు నడినెత్తి దాకా పాకింది. రేపు ముప్పాళ్ళలో పెళ్ళిచూపులు. అనూష అనే ఆ పిల్ల ఇతన్ని ఫోన్లోనే చూసింది, అదీ ఐదేళ్ళ కిందటి ఫోటోలో, నెత్తి నిండా జుట్టున్నప్పుడు. ఆ ఫోటోకీ ఈ తలకీ పొంతన కుదర్చమనే రెండు వారాల కిందట ఇదే కుర్చీలో కూర్చుని బతిమాలాడు. షఫీక్ గుంటూరులో ఒక క్లినిక్‌కి పంపాడు. మనిషిని పంపినప్పుడల్లా వాళ్ళు షఫీక్ ఫోన్‌కి ఎంతో కొంత కమీషన్ పంపుతారు, అది వేరే సంగతి.

"త్రీ ఇన్ వన్ రా కోటీ," అని ఆ రోజు ఊరించి చెప్పింది షఫీకే. వెనక తలలో వెంట్రుకలు ఒక్కొక్కటే పీకి ముందు నాటతారు. అదే పూట నీ రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, సూదులతో నెత్తిలోకి ఎక్కిస్తారు. నాటినవి ఎదగడానికి ఏడాది పడుతుంది కాబట్టి అందాకా నడినెత్తి మీద ప్యాచ్ అంటిస్తారు. ఆపరేషన్‌కి ఆపరేషను, మందుకి మందు, కప్పుకోవడానికి కప్పు. పోయిన గురువారం ఆ మూడూ ఒక్క పూటలో కానిచ్చి బస్సెక్కించారు.

కోటి వెంట వాళ్ళమ్మ గురవమ్మ కూడా వచ్చింది. ముప్పై ఏళ్ళుగా మిరప చేలల్లో నాట్లకు పోతున్న మనిషి. కుర్చీ పక్కనే నిలబడి, కొడుకు తలని తన చేను చూసుకున్నట్టు చూసుకుంటోంది.

"వెంట్రుకలు నాటారంటగా అయ్యా, మావోడు చెప్పాడు. నాటటం నాకు తెలవదా? నారు నాటినాక మొదలు నొక్కకపోతే అది ఏరు పట్టిద్దా? అందుకని పొద్దున ఒకసారి, పొద్దుగూకి ఒకసారి తడి పెట్టి, ఒక్కోదాన్నీ బొటనవేలితో నొక్కతన్నా. పురుగు పట్టకుండా పసుపూ ఆముదం రాస్తన్నా. ఈడు ఓర్చుకోలేక ఒకటే అరుపులు."

షఫీక్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. ముందు భాగమంతా పసుపు ముద్ద అట్టకట్టి ఉంది. దాంట్లో క్వారీ దుమ్ము, నల్లటి రక్తపు పెచ్చులు. తడిగుడ్డతో కాస్త తుడిస్తే గుడ్డ మీదికి నాలుగు వెంట్రుకలు వేళ్ళతో సహా వచ్చాయి. ఛీ! ఎంత ప్రేమగా పాడు చేసిందమ్మా ఈ తల్లి, అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఏందన్నా అట్టా చూస్తన్నావ్?" అన్నాడు కోటి, అద్దంలో అతన్నే చూస్తూ. "చిన్న ప్యాచ్ తీసేసి, ముందు కూడా కప్పేట్టు పెద్దది వెయ్యి. రేపొక్క పూట గడిస్తే చాలు."

"నెప్పిగా ఉందా?"

"నెప్పి కాదన్నా, లోపల ఏందో పాకతన్నట్టుంది. రాత్రి జొరమొచ్చింది. సరేలే, అంటించు ముందు."

షఫీక్ నెత్తి మీద కూడా ఒక చోట దురద మొదలైంది. గోక్కోలేదు. ఎప్పుడూ గోక్కోడు. షాపు బయట ఆరడుగుల ఫ్లెక్సీలో ఒక పక్క బట్టతలతో ఏడుపు మొహం, ఇంకో పక్క నల్లటి జుట్టుతో నవ్వు మొహం. రెండూ షఫీక్‌వే. ఆ నవ్వు మొహం చూసే కోటి లోపలికొచ్చాడు.

ప్యాచ్ అంచుల్లో జిగురు కరిగే మందు చుక్కలు వేసి, జిగురు నాననిచ్చి, వెనక నుంచి మెల్లగా లేపాడు. తడి చప్పుడు చేస్తూ లేచింది. దాంతోపాటే ఆ వాసన గుప్పుమంది. ప్యాచ్ వెనక అంచు కింద, వెంట్రుకలు పీకిన చోట చిల్లులు చిల్లులుగా ఉన్న పచ్చి పుండు మీదే ఆ మహానుభావులు టేపు వేసి జిగురు పూశారు. ఐదు రోజులు క్వారీ ఎండలో, గాలి ఆడకుండా, అది లోపల్లోపలే కుళ్ళింది. పచ్చటి చీము ప్యాచ్ అడుగు జాలీలోంచి ఊరి కోటి మెడ మీదికి జారింది. షఫీక్ వాష్‌బేసిన్ దగ్గరికి పరిగెత్తి డోకాడు. పొద్దున తిన్నది తిన్నట్టే వచ్చేసింది.

మొహం కడుక్కుని, వెనక గదిలోకి పోయి క్లినిక్‌కి ఫోన్ చేశాడు. డాక్టర్ ఎత్తడు, ఎప్పుడూ ఎత్తేది కౌన్సెలర్ మేడమే.

"చీము పట్టిందా? నూనె ఏమన్నా రాశారా?" అంది ఆవిడ తాపీగా.

"వాళ్ళమ్మ ఆముదం పెట్టింది."

"అయిపోయింది కదండీ! ఆయిల్ వాడొద్దని పేపర్‌లో క్లియర్‌గా ఉంది. పేషెంట్ మిస్టేక్. అదే చెప్పండి వాళ్ళకి. టాబ్లెట్ వాట్సాప్ చేస్తా, మీరు కొత్త ప్యాచ్ వేసి పంపించెయ్యండి."

"పుండు మీదా?"

"అంచులకి మాత్రమే జిగురు పెట్టండి షఫీక్ గారూ. మీకు తెలియందేముంది?"

నిజమే, తెలియందేముంది! ఇంగ్లీషులో ఉన్న ఆ పేపర్‌ని కోటి శుక్రవారమే ఫోటో తీసి పంపాడు. 'ఇందులో ఏం రాసుందన్నా?' అని అడిగాడు. షఫీక్‌కి సగమే అర్థమైంది. ఎవరినన్నా అడిగి చెప్పొచ్చు. కత్తెర చేతిలో ఉండగా, 'ఏం లేదురా, జాగ్రత్తగా చూసుకో అంతే' అని వాయిస్ పెట్టి ఊరుకున్నాడు. ఆ తల్లి జాగ్రత్తగానే చూసుకుంది పాపం.

బయటికి వచ్చేసరికి గురవమ్మ ఊడదీసిన ప్యాచ్‌ని చూస్తోంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళు ప్యాచ్ మీంచి కొడుకు నెత్తి మీదికి, అక్కణ్ణుంచి తన కుడిచేతి బొటనవేలి మీదికి వచ్చాయి. గోరులో ఇంకా పసుపు ఉంది.

"డాట్టరుతో మాట్టాడావా అయ్యా? ఏమన్నాడు? నేనే చెడగొట్టానా?"

కోటి కూడా తలెత్తాడు. "చెప్పానా నీకు నొక్కొద్దని! నీ మూలానే ఇదంతా!" అని తల్లి మీద విరుచుకుపడ్డాడు. ఆమె ఆ వేలిని పిడికిట్లో దాచుకుని నిలబడింది.

షఫీక్ అవునన్నట్టు తలాడిస్తే చాలు. క్లినిక్ తప్పించుకుంటుంది, తనూ తప్పించుకుంటాడు. ముసలావిడ బతికినంత కాలం ఆ వేలిని చూసుకుని ఏడుస్తుంది. ఎవరికీ తెలియదు. తల ఊపడానికి ఎంతసేపు? కానీ నెత్తి మీద దురద కుట్టడం మొదలెట్టింది, ఈసారి చెవి దాకా. భార్య ఖదీజా గుర్తొచ్చింది. రెండేళ్ళ నుంచీ ఆమె దిండు మంచానికి అవతలి కొసకి జరిగింది. ఎందుకని ఇతను అడగలేదు, ఆమె చెప్పలేదు. రోజూ అత్తరు మాత్రం పూసుకుంటున్నాడు.

థూ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది.

సీసాలోంచి అదే మందు చేతిలో పోసుకుని తన నుదుటి అంచున రుద్దుకున్నాడు. ఆగలేక, నానకముందే పట్టి లాగాడు. చర్మంతో సహా వచ్చింది. మూడేళ్ళుగా రోజూ దువ్విన జుట్టు చేతిలోకి ఊడొచ్చింది. అద్దంలో కోటి నోరు తెరిచి చూస్తున్నాడు. షఫీక్ అదే క్లినిక్‌లో నాటించుకున్నవి అక్కడక్కడ బిరుసుగా మిగిలాయి. మిగతా నెత్తంతా ఎర్రగా, పొక్కులు పొక్కులుగా, రసి కారుతూ, తెల్లటి పొట్టు లేస్తూ ఉంది. కంపు కూడా అదే కంపు.

"చూడు పెద్దమ్మా," అన్నాడు. "దీనికి ఎవరూ ఆముదం పెట్టలేదు. ఎవరూ వేలితో నొక్కలేదు."

నెత్తి కనబడేట్టు ఆమె ముందు తల వంచాడు.

"ముందు వైపు కొన్ని నీ వేలికి పోయుంటాయి, అబద్ధం ఎందుకు. నొక్కొద్దని నీకు చెప్పాల్సింది నేను, చెప్పలా. ఈ చీము మాత్రం నీది కాదు. ఆపరేషనూ, ఆ రక్తం మందూ విడివిడిగా మంచివే. పుండు మానాక మందు వాడాలి, అదీ డాక్టరు చూసి. ఒక్క పూటలో మూడూ కానిచ్చి, పచ్చి పుండు మీద జిగురు పూసేవాణ్ణి డాక్టర్ అనకూడదు. ఈ తల పెట్టుకుని మీవాణ్ణి వాళ్ళ దగ్గరికి పంపిన నన్ను ఏమనాలో నువ్వే అను."

గురవమ్మ అతని తలని చాలాసేపు చూసింది. తర్వాత సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి బయటికి పోయింది. నవ్వుతున్న ఫ్లెక్సీ ముందు నిలబడి కాండ్రించి ఉమ్మింది. మళ్ళీ వంగి లోపలికొచ్చింది.

"లెగరా," అంది కొడుకుతో. "పెద్దాసుపత్రికి పోదాం. ముప్పాళ్ళ వాళ్ళకి రెండు వారాలు ఆగమని నేను చెప్తా. అప్పుడు ఈ తల్తోనే పోదాం. నచ్చితే చేసుకుంటారు, లేకపోతే కాఫీ తాగి వచ్చేద్దాం."

కోటి లేచాడు. టోపీ పెట్టుకోబోతే ఆమె లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. షట్టర్ దాకా పోయి వెనక్కి తిరిగింది.

"నువ్వేంది అట్టా నిలబడ్డావ్? ఇంట్లో ఎవరూ చూడలేదా ఆ తలని ఇన్నాళ్ళు?"

షఫీక్ లేదన్నట్టు తలాడించాడు.

"ఛీ, ఎంత రోతగా పెట్టుకున్నావయ్యా! పద, నువ్వూ చూపిచ్చుకుందువు."

షఫీక్ చేతిలోని జుట్టుని కోటి ప్యాచ్ పక్కనే బేసిన్‌లో పడేశాడు. షట్టర్ పూర్తిగా దించి తాళం వేశాడు. మూడేళ్ళ తర్వాత ఎండ నేరుగా నెత్తి మీద పడింది, భగ్గున మండింది. పక్క టీకొట్టు వాళ్ళు అతన్నీ ఫ్లెక్సీనీ మార్చి మార్చి చూశారు. అతను తల దించుకోకుండా గురవమ్మ వెనకే ఆటో ఎక్కాడు.