మెనూలో మూడో వరుస

తన పనంతా ఎక్కడికీ పోలేదని భర్త అన్నది నిజమే, కంప్యూటర్ డిస్కులో తన వాటా తనకు అలాగే ఉంది, కానీ ఆన్ చేయగానే వచ్చే మెనూలో పేరు లేకపోయాక ఉండి మాత్రం ఏం లాభం, అనుకుంటూ ఆమె ఎంగిలి పళ్ళేలు ఒక పక్కకి జరిపి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇంటికంతా అదొక్కటే. అందులో దాన్ని నడిపే లినక్సులు మూడు, ఎవరిది వాళ్ళకి: భర్తది, మరిదిది, ఆమెది. ఎవరిది కావాలో మెనూలో ఎంచుకోవాలి. ఆ మెనూ రాసేది మాత్రం భర్త లినక్సే. అప్‌డేట్ అయినప్పుడల్లా అది డిస్కంతా తడిమి, కంటికి ఆనిన పేర్లతో మెనూ మళ్ళీ రాసుకుంటుంది. ఆమె వాటా పాస్‌వర్డ్ చెబితే తప్ప తెరుచుకోదు. తాళం వెనక ఏముందో దానికి తెలియదు కాబట్టి, అక్కడ ఏమీ లేనట్టే లెక్క. ఈసారీ ఆమె పేరు అలాగే రాలిపోయింది.

"ఆ తాళం తీసేయ్, అదే కనపడుతుంది," అన్నాడు పొద్దున భర్త, బూట్లు వేసుకుంటూ. "నా దగ్గర కూడా దాపరికమేనా?"

"వదిన అందులో నిధులు దాచిందన్నయ్యా," అని నవ్వాడు మరిది.

తాళం లేని రోజుల్లో ఆమె వాటా ఆయన ఫోల్డర్ల పక్కనే బార్లా తెరిచి ఉండేది. సినిమాలకి చోటు చాలక, ప్రెస్సు కోసం ఆమె పేజీలుగా అమర్చిపెట్టిన పాఠ్యపుస్తకం మొత్తం చెరిపేశాడొకసారి. "పాతదేమో అనుకున్నా. ఇంట్లో ఉండేదానివేగా, మళ్ళీ చేసుకోలేవా?" చేసుకుంది, వంటకీ వంటకీ మధ్య. ఆయన మీద కోపం కూడా రాలేదప్పుడు. ఆ తర్వాత ఏం పని చేస్తున్నావని ఎవరో అడిగితే తనే "ఏదో చిల్లర పనిలెండి" అంది. ఆ మాట తన నోట్లోంచి వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సాయంత్రానికి ప్రెస్సుకి పేజీలు వెళ్ళాలి. లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు. తాళం తీసేయాలి, లేదా ఆయన వచ్చి, కాఫీ తాగి, మనసు బాగుంటే సరిచేసేదాకా ఆగాలి. ఈ రెండే దారులని ఇన్నాళ్ళూ ఎవరు నమ్మించారు తనని? ఆమె లినక్సుకీ సొంత మెనూ ఉంది, ఎక్కించిన రోజునుంచీ. ఆయనది ముందు నిలబడటంవల్ల దాన్ని పిలిచినవాళ్ళు లేరు.

కంప్యూటర్ ఆపి, మళ్ళీ ఆన్ చేస్తూ సెట్టింగుల మీట నొక్కిపట్టింది. ఏ మెనూని ముందు పిలవాలో చెప్పే వరుస అక్కడ ఉంది. తనది అట్టడుగున.

"అమ్మాయ్, ఆ డబ్బా ముందేం చేస్తున్నావు? బట్టలు అలాగే ఉన్నాయి," అత్తగారు లోపల్నించి కేకేసింది.

వస్తున్నానన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పనిలో ఉన్నానత్తయ్యా."

లోపల గట్టిగా ఏదో గిన్నె చప్పుడైంది. ఈ వరుస మారిస్తే సాయంత్రం ఆయన ఆన్ చేయగానే ఎదురయ్యేది ఆమె మెనూ. ఆయన వాటాకీ మరిది వాటాకీ తాళాల్లేవు కాబట్టి వాళ్ళ పేర్లూ అందులో ఉంటాయి. అయినా ఇదేంటంటాడు, ఎవరినడిగి చేశావంటాడు. ఆ గొంతు ఇప్పుడే వినపడుతోంది.

తన వరుసని ఒక్కో మెట్టూ పైకి జరిపి, అన్నిటికన్నా ముందు పెట్టి, సేవ్ నొక్కింది.