జానయ్య పడిపోయిన వంగతోట

భర్త జానయ్య పోయి ఏడాది దాటినా సత్తమ్మ ఆ అర ఎకరంలో మళ్లీ మందు కొట్టనివ్వలేదు. వంగతోటంతా పురుగే. తెంపిన ప్రతి గంపలో సగం కాయలకు రంధ్రాలు. ఇబ్రహీంపట్నం అంగడిలో వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఇంట్లో కూరకు ఏరినా నాలుగు కాయలు మిగలడం కష్టంగా ఉంది.

జానయ్య పడిపోయింది ఆ చేన్లోనే. నడినెత్తిన ఎండ, మూతికి గుడ్డ లేదు. వీపుకు పంపు తగిలించుకుని సాళ్ల వెంట మందు కొడుతూ కుప్పకూలాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

అప్పటి నుంచి మధ్యాహ్నమైతే సత్తమ్మకు చేన్లో పంపు చప్పుడు వినిపిస్తుంది. పిడిని పైకీ కిందికీ ఆడిస్తున్నట్టు కిర్రు, కిర్రు. తలెత్తి చూస్తే ఎవరూ ఉండరు. గాలి లేకపోయినా సాళ్ల చివర ఆకులు మాత్రం కదులుతుంటాయి.

అరుణజ్యోతి ఒక రైతు సంఘం తరఫున ఊళ్లు తిరిగి పంటలకు సలహాలు చెబుతుంది. ఏడాదిగా ఆమె ఈ చేను వైపు రాలేదు. ఒక రోజు ధైర్యం చేసి వచ్చింది.

"సత్తమ్మక్కా, మందు లేకుండనే పురుగును ఆపొచ్చు. బుట్టలు తెచ్చిన."

బుట్టలో పెట్టిన ఎరకు ఆడ పురుగు వాసన ఉంటుందని, మగ పురుగులు వచ్చి అందులో పడి చస్తాయని చెప్పింది. వాడిన కొమ్మలను వారం వారం తుంచి దూరంగా పూడ్చాలంది.

సత్తమ్మ బుట్టల వంక చూడనే లేదు. "గా మందు పేరు చీటీ మీద రాసిచ్చింది నువ్వేనా?"

అరుణజ్యోతి బుట్టలు కింద పెట్టింది. "అవ్, నేనే. మూతికి గుడ్డ కట్టుకో, ఎండల కొట్టకు అని చెప్పాలె. చెప్పలే అక్కా. గా దినం జనం మస్తుండ్రి, రాసిచ్చి పంపిన. కండ్లు మూస్తే గా చీటే కనవడతది."

సత్తమ్మ గట్టు మీద కూలబడింది. "పొయ్యేటప్పుడు తువ్వాల అడిగిండు. ఉతికిన, ఇంక ఆరలే, గట్లనే పో అన్న. మందు కలిపింది గూడ గీ చేతులే, చెల్లె."

అప్పుడే వినిపించింది. కిర్రు, కిర్రు. అరుణజ్యోతి చప్పున తల తిప్పింది.

"నీకు గూడ ఇనవడ్డదా?"

"అవ్ అక్కా."

ఇద్దరూ చప్పుడు వైపు నడిచారు. సాళ్ల చివర ఎవరూ లేరు. సత్తమ్మ వంగి వాడిన కొమ్మ ఒకటి తుంచింది.

"బుట్టలు ఏడ కట్టాలె, చూపెట్టు."

నెల తిరిగేసరికి కాయల మీద రంధ్రాలు తగ్గాయి. అంగడికి వెళ్లిన గంపలు ఖాళీగా తిరిగొచ్చాయి. ఇంట్లో రెండు పూటలా కూర ఉంటోంది. పంపు చప్పుడు మాత్రం ఆగలేదు. అది ఆగాలని సత్తమ్మ కోరుకోవడం కూడా మానేసింది.

కందుకూరు దగ్గర ఒక ఊళ్లో సంఘం సమావేశం పెడితే అరుణజ్యోతి ఆమెను వెంట తీసుకెళ్లింది. బుట్టల గురించి చెప్పమంటే సత్తమ్మ ముందు జానయ్య ఎలా చనిపోయాడో చెప్పింది. ఆ పొద్దున తను అన్న మాటా దాచలేదు.

వెనక కూర్చున్న ఒకామె ఉలిక్కిపడి లేచింది. "మా ఆయన గిప్పుడు చేన్ల మందు కొడుతుండు," అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది.