తొమ్మిదో పిల్ల

ఇసుక నింపిన సిమెంటు సంచి మూతిని తాడుతో బిగించి, గవరయ్య దాన్ని నాలుగో మూలకు ఈడ్చుకెళ్ళి మడమతో తొక్కి సర్దాడు. ఓడల తాళ్ళు పట్టి పట్టి అతని అరచేతులు కూడా మడమల్లాగే బీటలు వారాయి. కలకత్తా గార్డెన్ రీచ్‌లో పోర్టు క్వార్టర్ల గోడకీ మురుగు కాలవకీ మధ్యనున్న ఆ కాస్త నేలలో, తెల్లవారి అయిదున్నరకే తొమ్మిది మంది ఆడపిల్లలు బంతులు విసురుకుంటున్నారు.

షెకైనా చెయ్యి వెనక్కి తీసి విసిరింది. ఎదుటి పిల్ల తోలు తొడుగులో బంతి ‘టప్’మని దిగబడింది. ఆ చప్పుడు వింటే చాలు, గవరయ్యకి మోకాళ్ళ నొప్పి గుర్తుండదు. ముప్పై ఏళ్ళ కిందట, నదిలో నీటి పోటు కోసం ఆగిన ఒక జపాను ఓడ తాలూకు నావికులు జెట్టీ మీద ఇలాగే ఆడుతుంటే నోరు తెరుచుకు చూశాడు. వాళ్ళ దగ్గరే బేస్‌బాల్ నేర్చుకున్నాడు. నిన్నటిదాకా బంతిని చూసి కళ్ళు మూసుకున్న పిల్ల ఇవాళ కళ్ళు తెరిచి పట్టుకుంటే, ఆ పూట అతను ఇంటికి ఈల వేసుకుంటూ పోతాడు. అతని బతుకులో ఈల వేసుకునే పని అదొక్కటే.

"నా బదులు తొమ్మిదో పిల్ల దొరికిందేటి మాస్టారూ?" అంది షెకైనా, చెమట తుడుచుకుంటూ.

"సూద్దాం."

"ఎవళ్ళొస్తారు? అందరూ క్రికెట్‌కి పోనారు."

నిజమే. పిల్లలు ఇరవై మంది ఉండేవారు. ఆడపిల్లల క్రికెట్ కూడా టీవీలోకెక్కాక, పోర్టు గేటవతల అకాడమీ ఒకటి వెలిశాక, పదకొండు మంది అటే పోయారు. మనుషుల్ని సంతలో గొడ్లలా వేలం వేసే ఆట అది, దాన్ని చూసి ఊరంతా చప్పట్లు! ఫుట్‌బాల్ వాళ్ళు జెండా రంగుల కోసం తలలు పగలగొట్టుకుంటారు. పళ్ళు నూరడం తప్ప గవరయ్య చెయ్యగలిగిందేముంది?

ఈ సాయంత్రం హౌరాలో రైలెక్కి దుర్గాపూర్ పోటీలకి పోవాలి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల జట్టు. షెకైనాకి పంతొమ్మిది రోజులు ఎక్కువ. నిన్న ఫారంలో తన పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు తనే రాసుకుంది. రాస్తే పనికిరానని తెలిసే రాసింది. "శెభాష్" అని గవరయ్య వీపు తట్టాడు. ఆమె లేకపోతే ఎనిమిది మందే. తొమ్మిది మంది లేనిదే జట్టు కాదు.

ఎనిమిదింటికి డాక్‌లో పనికెక్కాడు. ఓడ మీంచి విసిరిన తాడు అందుకుని ఇనుప దిమ్మకి తగిలించడం, ఓడ పోయేటప్పుడు తియ్యడం. నలభై రెండేళ్ళుగా అదే. పద్నాలుగో ఏట తండ్రి అతని మూతి మీద కాటుకతో మీసం దిద్ది ఇక్కడికి తెచ్చాడు. గుమాస్తా పగలబడి నవ్వి పద్దెనిమిది అని రాసుకున్నాడు. ఆ రాత అతని బడినీ ఆటనీ మింగింది. ఇప్పుడు యాభై ఆరేళ్ళవాడిని అరవై అంటూ వచ్చే నెల ఇంటికి పంపుతోంది. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది, నేలా పోతుంది. జట్టుకి ఇదే ఆఖరు పోటీ. గుమాస్తా రాసిన ఆ అబద్ధం మర్చిపోలేకే ఇరవై ఏళ్ళుగా ఏ పిల్ల వయసూ ఒక్క రోజు కూడా తగ్గించనివ్వలేదు.

మధ్యాహ్నం గేటు దగ్గర షెకైనా తండ్రి సురేష్ బాబు కాచుకుని ఉన్నాడు. చేతిలో కొత్త ఫారం, ఎక్కడో పుట్టించిన కొత్త జనన సర్టిఫికెట్.

"పంతొమ్మిది రోజులు మాస్టారూ! గెడ్డాలొచ్చీసినోళ్ళు పదారేళ్ళ లోపు జట్టుల్లో గెంతుతన్నారు. పెళ్ళయినోడు కూడా ఉన్నాడంట!"

"ఉంటే ఉండనీ."

"మీ ఎనిమిది మంది గుంటలూ రాత్రి నిద్రపోనారేటి? బేగులు సర్దీసుకున్నారు. ఆళ్ళకేటి సెప్తారు?"

గవరయ్య ఫారం అందుకున్నాడు. వచ్చే నెల తరవాత తెల్లవారి అయిదున్నరకి తను ఎక్కడుంటాడో ఆలోచించాడు. ‘ఈ బాలిక వయసు నిజమని నేను ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం కింద, తాడుపీచులంటిన వేళ్ళతో సంతకం పెట్టాడు. రెండు నిమిషాలు పట్టలేదు.

హౌరాలో ఎనిమిది మంది పిల్లలు బెంచీ చుట్టూ మూగి కేరింతలు కొడుతున్నారు. తల్లులు జడలు బిగిస్తున్నారు. షెకైనా రాలేదు. రైలుకి పావుగంట ఉందనగా ఆమె తల్లి రోజమ్మ ఒక్కర్తే, స్టీలు డబ్బా పట్టుకుని వగరుస్తూ వచ్చింది.

"రానంటాది మాస్టారూ. ఆళ్ళ నాన్న సెయ్యి సేసుకున్నాడు. అయినా రానంటాది."

"ఏటంది?"

రోజమ్మ పిల్లలకి వినపడకుండా గొంతు తగ్గించింది. "మాస్టారే సంతకం ఎట్టీసినారా అనడిగింది. అవునన్నాం. ఆయనే రాసీసినారా అని మళ్ళీ అడిగింది."

గవరయ్య పట్టాల వైపు చూశాడు. ఇక ఎనిమిది మందికీ చెప్పాలి. చెప్పాడు. "తొమ్మిది మంది లేరమ్మా. పోనేం." ఒక పిల్ల ఏడ్చింది. మిగతావాళ్ళకి ఏడవాలని కూడా తోచలేదు. రైలు కూత వేసి, వాళ్ళ బోగీ తలుపులు తెరిచి ఉండగానే ముందుకి జారింది. చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా ఎవరూ కదల్లేదు.

"ఆకలేస్తాదని తొమ్మిది మందికీ గుడ్లు ఉడకేసినాను, తినండమ్మా," అంటూ రోజమ్మ డబ్బా బెంచీ మీద పెట్టింది. తిని, మూతులు తుడుచుకుని, తల్లుల వెంట ఒక్కొక్కరే నది దాటించే ఫెర్రీ వైపు వెళ్ళిపోయారు. "దండాలు మాస్టారూ" అని ఒకరిద్దరే అన్నారు. రోజమ్మ డబ్బా తియ్యబోయి, లోపలికి చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని వాళ్ళ వెనకే పోయింది. చీకటి పడకముందే గవరయ్య కూడా లేచాడు. ఫెర్రీ వైపు కాదు, ఎటో జనంలోకి.

బెంచీ మీద మూత తీసిన డబ్బా అడుగున ఉడికించిన గుడ్డు ఒకటి, పక్కన కాగితంలో మడిచిన ఉప్పూ కారం.