నవీన బిందు పద్ధతి

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం సికింద్రాబాదులోకి వచ్చాక నిజాం పాలన నుంచి అందరికీ విముక్తి కలిగిందని మెట్టుగూడలో సంబరంగా చెప్పుకున్నారు. డోరాకు మాత్రం కలగలేదు. ఆమె ఇంకా ఒకటో తరగతిలోనే ఉంది.

తొమ్మిదేళ్ల పిల్ల. మూడేళ్లుగా అదే బల్ల. నోటితో అడిగితే కీర్తనలు మొదలుకొని, రైల్వేలో గుమాస్తాగా ఉన్న తండ్రి అబ్రహాం చెప్పే బండ్ల రాకపోకల దాకా తడుముకోకుండా అప్పజెప్పేది. పలక చేతికిస్తే మాత్రం అక్షరాలు అటువి ఇటు తిరిగేవి. నిన్న పలకరించిన అక్షరం ఇవాళ ముఖం తిప్పుకునేది.

పిల్లకు ఏమైందో తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు. బళ్లో సోమరితనమన్నారు. బైబిలు చెప్పడానికి ఇంటింటికీ తిరిగే రోసమ్మ ప్రార్థన చాలడం లేదంది. అబ్రహాం రోజూ కుటుంబ ప్రార్థనలో తలా ఒక వచనం చదివే వేళ కూతురి వంతు రాగానే, దయాహృదయుడు కనుక, ఏమీ అనకుండా నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు విన్నాక పిల్ల అన్నం ముట్టేది కాదు. ఇంతమంది సహాయం చేస్తున్నా డోరాకు చదువు రాలేదంటే తప్పెవరిదో వేరే చెప్పాలా?

మిషన్ బడి హెడ్మాస్టరు జ్ఞానశేఖర్‌గారు సంఘపెద్ద కూడా. క్రిస్మస్‌కు ముందు ఆయన డోరా తల్లి కాంతమణిని పిలిపించి, "సెలవులయ్యాక వాచకంలో ఒక పేజీ చదివిందా, రెండో తరగతి. లేదా, పేరు కొట్టేస్తాను. బాధపడకండి, ఆడపిల్లేగా, వంట నేర్పించుకోవచ్చు" అని ఓదార్చి పంపాడు.

కాంతమణి ఇంటికొచ్చి ఏడ్చింది. ఆమె చెల్లెలు సలోమి ఏడవలేదు. గుంటూరు జిల్లాలో ఒక పల్లె మిషన్ బడిలో చదువుకుని, అక్కకు తోడుగా వచ్చిన పిల్ల. మాట తక్కువ. మాట తక్కువైనవాళ్లకు చూడటానికి తీరిక ఎక్కువ. పక్కింటి లచ్చమ్మ గడప ముందు డోరా ఏం చేస్తున్నదో ఆమె కొన్నాళ్లుగా చూస్తూనే ఉంది.

డోరా అక్కడ చుక్కల ముగ్గు వేస్తోంది. చుక్క చుట్టూ గీత తిప్పి, మెలిక వేసి, బయల్దేరిన చోటికే తెచ్చి కలుపుతోంది. ఒక్క చోటైనా చెరపలేదు.

"మీ పోరి చెయ్యి తప్పదమ్మా. నేనే జెర తప్పుత" అంది లచ్చమ్మ.

"అక్షరాలకు సుత చుక్కలు పెడితే?" అంది సలోమి. 'కూడా' అనబోతే లచ్చమ్మ 'సుత' ఆమె నోటికి అంటుకుంది.

ఆ సాయంత్రమే పెరట్లో ఇసుక పరిచి, చుక్కలు పెట్టి, చేటంత 'క' వేసింది. డోరా దాని మీద వేలు నడిపించింది. మళ్లీ నడిపించింది. చుక్కలున్నచోట అక్షరం అటూ ఇటూ తిరగలేదు. ఒక్కొక్కటీ నిలిచేదాకా రెండోది మొదలుపెట్టలేదు. పిల్ల విసుక్కుంటే సలోమి ఒకటే మాట అనేది: "తొందరేం లేదు. చెయ్యి దులుపుకుని నీళ్లు తాగి రా. అక్షరం ఎక్కడికీ పోదు."

కాంతమణి మాత్రం పరుగెత్తుకొచ్చింది. "ఒసేయ్ సలోమీ, క్రైస్తవుల ఇంట్లో ముగ్గులేంటే! సంఘంలో తెలిస్తే గుళ్లో ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోనిస్తారా?"

గోడ అవతల నుంచి లచ్చమ్మ అందుకుంది. "ఏందమ్మా, మీ దేవునికి సుక్కలంటే కోపమా? మరి ఆకాశం నిండ ఎవలు పెట్టిన్రు?"

రోసమ్మ చూడనే చూసింది. చూశాక సంఘమంతటికీ చెప్పకుండా ఉండటం ఆమె వల్ల అయ్యే పని కాదు. మర్నాడే జ్ఞానశేఖర్‌గారు కోటు తొడుక్కుని పెరట్లోకి వచ్చాడు.

"క్రైస్తవ ఇంట ముగ్గా?"

"వందనాలండీ. ముగ్గు కాదండీ, 'మ'" అంది సలోమి.

ఆయన వంగి చూశాడు. నిజంగానే 'మ'. "అయితే పలక మీద ఉండాలి. నేల మీద ఎందుకుంది?"

"పలక మీద నిలబడటం లేదండీ."

"నిలబెట్టడానికి బెత్తముంది. ఈ చుక్కలూ గిక్కలూ నా బళ్లో చెల్లవు" అని వెళ్లిపోయాడు.

ఆయన కష్టాలు ఆయనకున్నాయి. హిందీ రాని హెడ్మాస్టర్లను కొత్త సర్కారు ఇంటికి పంపేస్తుందని కార్ఖానా బజారులో ఎవరో అనగా విన్నాడు. సర్కారు నిజంగా అలా అన్నదా అని కనుక్కునే ఓపిక ఎవరికీ లేదు. భయపడే ఓపిక అందరికీ ఉంది.

సెలవులయ్యాయి. సలోమి డోరాను వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదికి వెళ్లింది. బల్ల మీద హిందీ వాచకం తెరిచి ఉంది. చదివే వరుస కింద అట్టముక్క. ప్రతి అక్షరం నెత్తిన పెన్సిలుతో తెలుగు అక్షరం. ఆయన ముఖం వాడిపోయి ఉంది.

"ఈ వయసులో ఏం చదువమ్మా!" అన్నాడు, వినే మనిషి దొరికినందుకు. "నిన్న వచ్చింది ఇవాళ రాదు. ఒకటనుకుంటే ఇంకొకటి అవుతుంది. సర్కారు మనుషుల్ని మనుషుల్లా చూడాలి. గడువివ్వాలి."

"ఎంత ఇవ్వాలంటారండీ?"

"రెండేళ్లయినా ఇవ్వాలి!"

డోరా బెత్తం వైపు చూసి, చాలా జాలిగా అడిగింది. "మిమ్మల్ని ఎవరు కొడతారు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినదేమీ లేకపోయినా చాలాసేపు తుడిచాడు. సలోమి మెల్లగా అంది. "ఆ అట్టముక్క పిల్లకు కాస్త ఇప్పిస్తారా?"

తన పుస్తకంలోనే ఉన్నదాన్ని తప్పని ఎలా అంటాడు? ఇచ్చాడు.

డోరా తన తెలుగు వాచకం తెరిచి, వరుస కింద అట్ట పెట్టింది. ఒడిలో వేలితో ఒక్కో అక్షరం గీసుకుంటూ చదివింది. ఒకచోట ఆగిపోయింది. ఆయన నోరు తెరవబోతే సలోమి చెయ్యెత్తింది. పిల్ల కిటికీలోంచి బయటికి చూసింది. పెద్ద రైలింజను ఒకటి కూత పెట్టుకుంటూ పోయింది. అది పోయాక మళ్లీ వంగి, ఆగిన చోటి నుంచే అందుకుంది. సగం పేజీ అయ్యేసరికి చెమట పట్టింది.

"సగమేగా" అన్నాడు జ్ఞానశేఖర్‌గారు.

"మిగతా సగం రేపు చదువుతుందండీ."

ఆయన అట్టముక్క తీసుకుని మళ్లీ తన వాచకంలో పెట్టుకున్నాడు. "సరే. రెండో తరగతిలో కూర్చోమను. కానీ ఒక షరతు. ముగ్గన్న మాట ఎక్కడా వినపడకూడదు."

మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక, తాను ఎంతో కాలం పరిశ్రమించి కనిపెట్టిన 'నవీన బిందు పద్ధతి'ని ఒకటో తరగతిలో ప్రవేశపెడుతున్నట్టు ఆయన ప్రకటించాడు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రోసమ్మ. వెనక వరుసలో సలోమి తలవంచుకుంది. అందరూ అది వినయమనుకున్నారు.

సంగతి విని లచ్చమ్మ పగలబడి నవ్వింది. "గట్లనా? మరి నా గడప ముంగట ఉన్నదేంది, పాత పద్ధతా?"

ఆ వారంలో ఒకరోజు డోరా బడి నుంచి వేళకు రాలేదు. సలోమి భయపడుతూ వెళ్లింది. హెడ్మాస్టరు గది తలుపు మూసి ఉంది. లోపలి నుంచి ఇసుక గీసుకుంటున్న చప్పుడు, ఆయన గొంతు వినిపించాయి.

"రావట్లేదే డోరా..."

"తొందరేం లేదు సార్. చెయ్యి దులుపుకుని నీళ్లు తాగి రండి. అక్షరం ఎక్కడికీ పోదు."